మన ఊళ్ళో కెమెరా చదువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సాంకేతిక విద్య గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. నేను పాతికేళ్ళ పైబడి అమెరికాలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను కాబట్టి ఏ కంప్యూటర్ల గురించో, కృత్రిమ మేధ గురించో చెబుతాననుకుని ఉంటారు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారండి. నేను ఫోటో, వీడియో, సినిమా తీయడం నేర్పే చదువు గురించి చెబుతాను. అదీ సాంకేతిక విద్యే. ఇవాళ మన మండపేటలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతోమంది కుర్రాళ్ళు కెమెరా మీద బతుకుతున్నారు. పెళ్ళి ఉంటే కెమెరా, ఓణీల ఫంక్షన్ ఉంటే కెమెరా, గృహప్రవేశం ఉంటే కెమెరా. అయితే ఆ పనిని ఒక చదువులా, పద్ధతిగా, తక్కువ ఖర్చుతో నేర్పే చోటు మాత్రం దగ్గర్లో కనబడదు. నా మాటలన్నీ ఆ లోటు గురించే.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అని ఉంటుంది. మన దగ్గర కమ్యూనిటీ అనే మాటకి వేరే అర్థం ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, అది కులాల కాలేజీ కాదు. అక్కడ కమ్యూనిటీ అంటే ఆ చుట్టుపక్కల ఉండే జనం. ఆ జనం కట్టే పన్నుల సాయంతో, ఆ జనం కోసమే నడిచే రెండేళ్ళ కాలేజీ అది. మొట్టమొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ అనే ఊళ్ళో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ ఇలాంటి కాలేజీలు దేశమంతా పెట్టాలంది. ఇప్పుడు ఒక్క కాలిఫోర్నియాలోనే 116 ఉన్నాయి.

వాటిలో చేరడానికి ర్యాంకు అక్కర్లేదు, ఎంట్రన్సు లేదు. నర్సింగు, మోటారు మెకానిజం, వంట, లెక్కలు, ఫోటోగ్రఫీ, సినిమా అన్నీ ఒకే ఆవరణలో నేర్పుతారు. చాలా తరగతులు సాయంత్రం ఉంటాయి, పగలు పని చేసుకునేవాళ్ళ కోసం. రెండేళ్ళు చదివి పనిలోకి వెళ్ళొచ్చు, లేదా పెద్ద యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలోకి మారొచ్చు. కాలిఫోర్నియాలో స్థిరంగా ఉండేవాళ్ళకి ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. 2012 నుంచి అదే ఫీజు. ఏడాదిని క్వార్టర్లుగా నడిపే కాలేజీల్లో యూనిట్‌కి 31 డాలర్లు. అంటే నాలుగు యూనిట్ల కోర్సుకి 124 డాలర్లు, పైన చిన్నాచితకా రుసుములు. అక్కడి జీతాలతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఇక్కడ తల్లిదండ్రులకి ఒక మాట. మన పిల్లల్ని వీసా మీద పంపిస్తే ఈ ఫీజు వర్తించదు. పరదేశీ విద్యార్థికి అది ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పు చేసి పిల్లల్ని ఆ కాలేజీలకి పంపించమని నేను చెప్పడం లేదు. ఆ కాలేజీ పద్ధతిని మనం ఇక్కడికి తెచ్చుకోవచ్చు అంటున్నాను.

నేను ఉండే ప్రాంతంలో, కూపర్టినో అనే ఊళ్ళో డి ఆంజా కాలేజీ ఉంది. 1967లో మొదలైంది. యాపిల్ కంపెనీ పెట్టిన స్టీవ్ వోజ్నియాక్ అక్కడ చదివినవారే. నాకు నలభై దాటాక, ఆఫీసు అయ్యాక, అక్కడ ఫోటోగ్రఫీ తరగతికి, తర్వాత సినిమా తరగతులకి వెళ్ళాను. నా బెంచీకి ఒక పక్క ఇరవై ఏళ్ళ అమ్మాయి, ఇంకో పక్క రిటైరైన పెద్దాయన. ముగ్గురికీ ఒకటే హోంవర్కు. పాఠం చెప్పే ఆయన పగలంతా తన సొంత ఫోటోగ్రఫీ పని చేసుకుని సాయంత్రం మాకు చెప్పేవారు. చేతిలో పని ఉన్నవాడు చెప్పే పాఠానికి ఒక బలం ఉంటుందండి.

మొదటి వారంలో ఆయన అట్టపెట్టెకి సూదితో బెజ్జం పెట్టి, ఎదర గోడ మీద ఉన్న కిటికీని తలకిందులుగా చూపించారు. నాకు నవ్వొచ్చింది. ఈ బడిలో మన సైన్సు మాస్టారు చేయించిన సూదిబెజ్జం కెమెరాయే అది. మనం వెనకాల నూనె రాసిన కాగితం అంటించాం, వాళ్ళు ట్రేసింగ్ పేపరు అంటించారు, అంతే తేడా.

అక్కడినుంచి ప్రతి వారం మన పదో తరగతి పుస్తకమే మళ్ళీ తెరుచుకుంది. లెన్సు మీద 2, 2.8, 4, 5.6, 8, 11 అని అంకెలుంటాయి. ఏ అంకెనైనా 1.4తో గుణిస్తే తర్వాతది వస్తుంది. 1.4 అంటే రెండుకి వర్గమూలం. బెజ్జం వ్యాసం 1.4 వంతుల చొప్పున తగ్గితే వైశాల్యం సగమౌతుంది, లోపలికొచ్చే వెలుతురు సగమౌతుంది. వృత్తం వైశాల్యం సూత్రం దేనికి పనికొస్తుందని మనం మాస్టారిని అడిగేవాళ్ళం కదా, ఇందుకు పనికొస్తుంది. దీపానికి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతవుతుంది. అందుకే పెళ్ళిపందిట్లో లైటు పట్టుకున్న కుర్రాడు జనం తోస్తే రెండడుగులు వెనక్కి వేశాడంటే పెళ్ళికూతురి మొహం నల్లబడుతుంది. డార్క్‌రూములో ఎర్ర బల్బు కింద తెల్ల కాగితాన్ని డెవలపర్లో ముంచితే బొమ్మ నెమ్మదిగా పైకి తేలుతుంది. దాన్ని నిలబెట్టేది హైపో. మన రసాయనశాస్త్రంలో సోడియం థయోసల్ఫేట్.

అయితే అక్కడ నేర్పినదాంట్లో కెమెరా సగమే. వారానికి ఒకరోజు ఎవరి ఫోటోలు వాళ్ళు గోడకి తగిలించాలి. మిగతావాళ్ళు మాట్లాడాలి. "బాగుంది" అంటే ఒప్పుకోరు. ఎందుకు బాగుందో చెప్పాలి. వెలుతురు ఎటునుంచి వచ్చింది, కన్ను ముందు ఎక్కడికి వెళ్ళింది, ఏది తీసేస్తే ఇంకా బాగుండేది, ఇవన్నీ చెప్పాలి. తన పనిని నలుగురూ విప్పి చూస్తుంటే మొహం ముడుచుకోకుండా వినడం అలవాటైతే, ఏ వృత్తిలోనైనా మనిషి ఎదుగుతాడు. సినిమా తరగతిలో ఒక చిన్న కథ మూడు నిమిషాల్లో చెప్పమనేవారు. ముందు కాగితం మీద రాయాలి, తర్వాత షాట్లుగా విడగొట్టాలి, ఆ తర్వాతే కెమెరా ముట్టుకోవాలి.

ఇప్పుడు మా బ్యాచ్‌లో ఒకడి సంగతి చెబుతాను. పేరు చెప్పొద్దన్నాడు. పదో తరగతి అయ్యాక వాడికి కెమెరా తప్ప ఇంకేదీ పట్టలేదు. ఇంట్లో సినిమా పిచ్చి అన్నారు. మద్రాసు వెళ్ళాడు. అక్కడ నాలుగేళ్ళు, పరిశ్రమ హైదరాబాదు వచ్చేశాక అక్కడ ఏడేళ్ళు, మొత్తం పదకొండేళ్ళు కెమెరా పెట్టెలు మోశాడు, ఫిల్ము డబ్బాలు ఎక్కించాడు, నటుడి మొహం దగ్గర్నుంచి లెన్సు దాకా టేపు పెట్టి కొలిచాడు. తండ్రి ఆరోగ్యం బాగోక తిరిగొచ్చి ఇక్కడ స్టూడియో పెట్టుకున్నాడు. మన ఊళ్ళో సగం పెళ్ళిళ్ళ ఆల్బమ్ వాడి చేతి మీదుగానే వెళ్ళింది.

ఒకసారి నేను సెలవుకి వచ్చినప్పుడు ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. వాడన్నాడు, "ఒరే, ట్యూబులైట్ల కింద తీసేటప్పుడు షట్టరు 172.8 డిగ్రీలు పెట్టాలిరా, లేకపోతే బొమ్మ అదురుతుంది" అని. ఎందుకని అడిగాను. "మా కెమెరామేన్ గారు పెట్టమన్నారు, పెట్టేవాణ్ణి. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అడిగితే తిడతారేమోనని అడగలేదు" అన్నాడు.

దాని లెక్క ఇదండి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, కాబట్టి ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. సినిమా కెమెరా సెకనుకి 24 బొమ్మలు తీస్తుంది. షట్టరు 172.8 డిగ్రీలు తెరిచి ఉంచితే ఒక్కో బొమ్మకి సరిగ్గా సెకనులో 50వ వంతు వెలుతురు పడుతుంది. అంటే దీపం రెండు పూర్తి వెలుగులు. ఏ బొమ్మకీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. మామూలుగా ఉంచే 180 డిగ్రీల దగ్గర అది 48వ వంతు, లెక్క తప్పుతుంది. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది. ఇప్పుడొస్తున్న కెమెరాల్ని అక్కడి లెక్కకి అమర్చినవి అమర్చినట్టే మన కుర్రాళ్ళు పెళ్ళికి పట్టుకెళ్తారు. వీడియోలో కల్యాణమండపం గోడల మీద చారలు పరిగెడతాయి. మెనూలో సెకనుకి 25 బొమ్మలకి మార్చి, షట్టరు 50వ వంతుకి పెడితే చారలు చాలా వరకు పోతాయి. వాడు పదకొండేళ్ళు పనిచేసినా తెలియని కారణం నాకు సాయంత్రం తరగతిలో ఒక్క గంటలో చెప్పారు. వాడికి నాకన్నా చేయి తిరిగింది, కన్ను బాగా పడుతుంది, అందులో నేను వాడి కాలిగోటికి సరిపోను. కానీ వాడికి ఒక పాఠం చెప్పే చోటు దొరకలేదు. నాకు దొరికింది. తేడా అంతే.

చేతికింద ఉండి నేర్చుకోవడం చెడ్డదని నేననడం లేదు. మన తెలుగు సినిమా అలాగే పెరిగింది. కానీ మొదలెట్టినవాళ్ళు మాత్రం చదువు అవసరాన్ని గుర్తించారు. మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్ళి ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు, కొడుకు ప్రకాశ్‌ని సినిమా తీయడం నేర్చుకోమని ఇంగ్లండు పంపించారు. ఆయన తిరిగొచ్చి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. మద్రాసులో 1945లోనే ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం నేర్పే కోర్సులు మొదలయ్యాయి. ఎక్కడనుకున్నారు? పాలిటెక్నిక్‌లో. మిగతా డిప్లొమాలతో పాటు అదీ ఒక డిప్లొమా. అదే పెరిగి ఇవాళ తరమణిలో ఉన్న ఎం.జి.ఆర్. ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. పూనాలో 1960లో ప్రభాత్ స్టూడియో ఆవరణలో కేంద్ర ప్రభుత్వం ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో డిగ్రీ ఉంది. అన్నపూర్ణ వారి కాలేజీ 2011లో వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ అన్నీ మహానగరాల్లో ఉన్నాయి. కొన్నింట్లో సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, కొన్నింట్లో ఫీజు రైసుమిల్లులో పనిచేసే తండ్రి కట్టలేనంత.

మన గోదావరి తీరానికి సినిమా కొత్తదా? 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టి 'సంపూర్ణ రామాయణం' తీశారు. ఆ తర్వాత సినిమా మద్రాసు వెళ్ళిపోయింది, హైదరాబాదు వెళ్ళింది. మన గోదారి మాత్రం 'మూగమనసులు' నుంచి 'అందాల రాముడు' దాకా, అక్కడ్నుంచి 'గోదావరి' దాకా తెర మీద పారుతూనే ఉంది. మన మండపేట నుంచే ఛోటా కె. నాయుడు గారి వంటి పేరున్న ఛాయాగ్రాహకులు వెళ్ళారు. ఏరు మనది, కొబ్బరితోటలు మనవి, పడవలు మనవి, పిల్లల్లో ఆసక్తీ మనదే. యూనిట్ బండి వచ్చినప్పుడు తాడు బయట నిలబడి చూసేది కూడా మన పిల్లలే.

ఇంజినీరింగు చదివి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. నగేశ్ కుకునూర్ గారు అమెరికాలో పర్యావరణ ఇంజినీరుగా సంపాదించుకున్న డబ్బుతో 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశారు. శేఖర్ కమ్ముల గారు ఇంజినీరింగు చదివి, అమెరికా వెళ్ళి, అక్కడ హోవార్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని వచ్చి 'డాలర్ డ్రీమ్స్' తీశారు. ఇంకొకరి పేరు చెప్పాలి. కాలిఫోర్నియాలో మోడెస్టో అనే పట్టణం ఉంది. చుట్టూ తోటలూ పొలాలూ, మనలాంటి వ్యవసాయపు ఊరు. అక్కడ స్టేషనరీ కొట్టు యజమాని కొడుకొకడు ఆ ఊరి జూనియర్ కాలేజీలో చేరాడు. చదివింది సామాజిక శాస్త్రాలు, సాహిత్యం. ఆ రోజుల్లోనే చిన్న ఎనిమిది మిల్లీమీటర్ల కెమెరాతో తీయడం మొదలెట్టాడు. అక్కడినుంచి లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి సినిమా చదవడానికి మారాడు. ఆయన పేరు జార్జ్ లూకాస్. 'స్టార్ వార్స్' తీసినాయన. అందరూ లూకాస్‌లవుతారని కాదు. ఇంటికి దగ్గర్లో ఒక కాలేజీ ఉండడం, అక్కడ ఎవరూ నువ్వెందుకని అడక్కపోవడం ఎంత పెద్ద సంగతో చెబుతున్నాను.

మన పిల్లలకి ఇవాళ ఈ చదువు లేకపోతే ఏమౌతోంది? మూడు చూడండి. ఒకటి, డ్రోను. కోనసీమ కొబ్బరితోటల్లో పెళ్ళికి ముందు ఫోటోలు తీయడానికి డ్రోను లేకుండా బేరమే కుదరడం లేదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం, బరువు 250 గ్రాములు దాటిన డ్రోనుని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఈ సంగతి ఎంతమంది కుర్రాళ్ళకి తెలుసు? రెండు, హక్కులు. మన కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి స్టూడియో గోడకి మీ అమ్మాయి పెళ్ళి ఫోటో తగిలించాలన్నా ముందు కాగితం రాసుకోవాలి. అది రాసుకోవడం ఫోటోగ్రాఫర్‌కీ రక్షణే, అడ్వాన్సు ఎంత, ఆల్బమ్ ఎప్పుడు అన్నవీ అందులోనే తేలిపోతాయి. మూడు, ధర. పద్ధతి తెలియనివాడు ధర తగ్గించి పోటీపడతాడు. తెలిసినవాడు పని చూపించి ధర అడుగుతాడు.

ఇక నా ప్రతిపాదన. దేశంలో కమ్యూనిటీ కాలేజీ కొత్త సంగతి కాదు. పాండిచ్చేరి యూనివర్సిటీ వారు 1995లోనే ఒకటి పెట్టారు. యూజీసీ కూడా తర్వాత ఈ పద్ధతికి పథకం తెచ్చింది. పూనా ఇన్‌స్టిట్యూట్ వారు 2017 నుంచి దేశంలో అక్కడక్కడా పొట్టి కోర్సులు నడుపుతున్నారు, సెల్‌ఫోనుతో సినిమా తీయడం కూడా నేర్పుతున్నారు. వాళ్ళని మనం ఆహ్వానించొచ్చు. అవన్నీ తర్వాతి మెట్లు. మొదటి మెట్టు మన చేతిలో ఉంది.

మన బడిలో పాత సైన్సు ల్యాబు గది ఖాళీగా ఉంది. వారానికి రెండు సాయంత్రాలు, ఆరు నెలలు, పన్నెండు మంది విద్యార్థులు. వయసు అడగొద్దు, మార్కులు అడగొద్దు. ఆడపిల్లలకి సగం సీట్లు. ఇప్పటికే స్టూడియోల్లో పనిచేస్తున్న కుర్రాళ్ళకి చోటు తప్పకుండా ఉండాలి, అందుకే సాయంత్రం. ఫీజు పెట్టాలి కానీ ఒక నెల సెల్‌ఫోన్ రీచార్జి కన్నా ఎక్కువ కాకూడదు. మాస్టారు కోసం ఎక్కడా వెతకక్కర్లేదు. ఇందాకటి నుంచి హాలు వెనకాల ట్రైపాడ్ పెట్టుకుని ఈ సభని వీడియో తీస్తున్నది నేను చెప్పిన మిత్రుడే. చేయి వాడు చెబుతాడు, లెక్క సెలవుల్లో వచ్చినప్పుడు నేను చెబుతాను. మిగతా నెలల్లో మన ఫిజిక్సు మాస్టారు గారు చెబుతానన్నారు. నాలుగు కెమెరాలు, రెండు కంప్యూటర్లు నా వంతు. గది మరమ్మతు, కరెంటు సంఘం వంతు.

మొదటి బ్యాచ్‌కి మొదటి పని కూడా అనుకున్నాను. మీ ఇళ్ళలో బీరువా పైన వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్నాయి. మీ పెళ్ళివి, మీ అక్కల పెళ్ళివి, పోయిన అమ్మమ్మలు నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నవి. మన తేమకి వాటి మీద బూజు పడుతుంది, అయస్కాంతపు పూత ఊడిపోతుంది. అవి ఆడించే వీసీఆర్‌లు తయారు చేయడం ఆగిపోయింది. 80ల నాటి రంగు ఫోటోలు చూడండి, నీలం పోయి ఎర్రబారిపోతున్నాయి. మూసేసిన స్టూడియోల్లో నెగెటివ్‌లు పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన వెళ్ళిపోతున్నాయి. మన బడి గ్రూపు ఫోటోలు ఎన్ని మిగిలాయో ఈ సావనీరు వేసిన కమిటీని అడగండి, చెబుతారు. విద్యార్థులు ఇంటింటికీ వెళ్ళి క్యాసెట్లు తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కిస్తారు, ఫోటోలు స్కాన్ చేస్తారు, ఎవరెవరో పేర్లు అడిగి రాసుకుంటారు. మూడు ప్రతులు, మూడు చోట్ల. అసలు ఎవరివి వారికి తిరిగి ఇచ్చేస్తారు. వాళ్ళకి అది పాఠం, మనకి అది చరిత్ర. ఇంకో పదేళ్ళు ఆగితే పేర్లు చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

చివరగా తల్లిదండ్రులకి ఒక మనవి. మీ అబ్బాయో అమ్మాయో కెమెరా అంటే పిచ్చి అన్నట్టుంటే, చదువు మాన్పించి దానికి పంపమని నేను అనను. ఆ పిచ్చిని సాయంత్రం ఆరు గంటలకి ఈ గదికి పంపించండి. ఆరు నెలల్లో అది పిచ్చో, పనో వాళ్ళకే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. పని అని తేలితే, ఎటు వెళ్ళాలో చెప్పడానికి మేమున్నాం.

సంఘం సర్వసభ్య సమావేశం రేపు ఉదయం పది గంటలకి ఉంది. ఈ ప్రతిపాదన అజెండాలో పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. క్యాసెట్లు ఉన్నవాళ్ళు రేపు వచ్చేటప్పుడు పట్టుకురండి.